నలిపితే మెరిసే స్ఫటికాలు

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి ఎన్నాళ్లయిందో తలుచుకుంటే సిగ్గేస్తోంది. తిట్టుకుని ఉంటావు, తిట్టుకో. ఇంట్లో అందరూ కులాసా. చెల్లి పెళ్లి మాఘంలో పెట్టుకుందామంటున్నారు. ఫెలోషిప్ డబ్బులు ఇంకా పడలేదు. వార్తలు సమాప్తం. ఇక అసలు సంగతి విను, ఎవరికైనా చెప్పకపోతే కడుపు ఉబ్బి పోయేలా ఉన్నాను.

మా సార్ నాకు యూరోపియం కాంప్లెక్సులు, అంటే ఆ లోహం చుట్టూ వేరే అణువులు పట్టుకుని ఉండే పదార్థాలు, అప్పగించారని చెప్పానుగా. ఇప్పుడు చేస్తున్నదానిలో ఒక యూరోపియం చుట్టూ నాలుగు డైబెంజోయిల్‌మీథేన్ లిగాండ్లు (లోహాన్ని పట్టుకునే అణువులు), ఒక్కోటీ రెండేసి ఆక్సిజన్లతో పట్టుకుంటాయి. మొత్తం ఎనిమిది. ఆ గుంపుకి మైనస్ ఒకటి ఆవేశం మిగులుతుంది కాబట్టి పక్కన ట్రైఇథైలమోనియం ఒకటి కూర్చుంటుంది. వేడి ఇథనాల్‌లో అన్నీ కలిపి, వేడి మీదే వడకట్టి, కదపకుండా చల్లారనివ్వాలి. ట్రైఇథైలమీన్ వాసన గురించి నీకు చెప్పాలా! శనివారం మెస్సు, పులుసు, నువ్వు కిటికీ లోంచి... సర్లే.

తెల్లారేసరికి లేత పసుపు స్ఫటికాలు. బాగా పెరిగాయి కూడా. సాయంత్రం ఫ్లాస్కు గోడకి అంటుకున్నవి స్పాచులాతో గీకుతుంటే కరెంటు పోయింది. చీకట్లోనే ఇంకోసారి గీకాను. ఫ్లాస్కు లోపల ఎర్రగా ఒక మెరుపు! షార్ట్ సర్క్యూటేమో అని గుండె ఆగినంత పనైంది. కరెంటే లేదుగా, ఇంకెక్కడి షార్ట్ సర్క్యూట్? మళ్లీ గీకాను, మళ్లీ మెరిసింది. ఒక్కటి తీసి రెండు గాజు పలకల మధ్య నొక్కితే పట్‌మని విరిగి, ఆ విరిగిన చోట నారింజ కలిసిన ఎరుపు. నేను వేసిన కేకకి పక్క ల్యాబు అక్క పరిగెత్తుకొచ్చింది, వెనకాలే మన బృహస్పతి. వాడు చూసి, "ఇందులో వింతేముంది, 1966లోనే రాశారు" అన్నాడు. నిజమే, ఆ సంవత్సరం నేచర్ పత్రికలో వచ్చిందట. అలా అన్నవాడే ఆ తర్వాత అందరికంటే ఎక్కువ స్ఫటికాలు నలిపాడు!

నువ్వు సాఫ్ట్‌వేర్‌లో పడి కెమిస్ట్రీ మర్చిపోయావు కాబట్టి చెప్తున్నా. యూరోపియం సొంతంగా వెలుతురు పెద్దగా పీల్చుకోలేదు, దాని ఎఫ్-ఎఫ్ ట్రాన్సిషన్లు, అంటే 4ఎఫ్ స్థాయిల మధ్య ఎలక్ట్రాన్ల గెంతులు, నిషిద్ధాలు. పెళ్లి భోజనంలో మొహమాటపడే కొత్తల్లుడి విస్తట్లో పక్కవాడు బలవంతాన వడ్డించినట్టు, లిగాండ్ అతినీలలోహిత కాంతిని మింగి ఆ శక్తిని యూరోపియానికి అందిస్తుంది. ఇది 1942లోనే వైస్‌మన్ కనిపెట్టాడు. అప్పుడది 615 నానోమీటర్ల దగ్గర సన్నటి ఎర్ర గీతగా బయటికొస్తుంది. 4ఎఫ్ ఎలక్ట్రాన్లు 5ఎస్, 5పీ ఎలక్ట్రాన్ల చాటున దాక్కుని ఉంటాయి కాబట్టే గీత అంత సన్నం. నీ జేబులో యూరో నోట్లున్నాయిగా, యూవీ లైటు కింద వాటి మీద ఎర్రగా మెరిసేదీ యూరోపియమే.

నాకు బాగా నచ్చిందేమిటంటే, ఎక్స్‌రే దాకా వెళ్లకముందే వెలుగే ఆకారం గురించి కొంత చెప్పేస్తుంది. 590 నానోమీటర్ల దగ్గర వచ్చే ఇంకో గీత కంటే 615 గీత బాగా పెద్దదిగా ఉంటే యూరోపియం సౌష్ఠవ కేంద్రంలో, అంటే చుట్టూ ఎదురెదురుగా అంతా ఒకేలా ఉండే చోట, కూర్చోలేదన్నమాట. మాది అలాగే వచ్చింది. మరి విరిగితే ఎందుకు మెరుస్తుంది? పగిలిన ముఖాల మీద ఆవేశాలు వేరుపడి, ఆ డిశ్చార్జి యూరోపియాన్ని రేపుతుందని ఒక మాట. స్ఫటికంలోని డిజార్డర్‌కీ (అణువుల అమరికలో తేడాలకీ) దీనికీ లంకె ఉందని 1987లో స్వీటింగ్, రైన్‌గోల్డ్ రాశారు. పటికబెల్లం చీకట్లో పగలగొట్టినా నీలంగా మెరుస్తుంది తెలుసా, చాలా మసకగా, నైట్రోజన్ వల్ల. ఇవాళ రాత్రి అక్కడ పటికబెల్లం దొరికితే... దొరకదులే.

ఇప్పుడు నా గోల విను. సింగిల్ క్రిస్టల్ ఎక్స్‌ఆర్‌డీకి, అంటే ఒకే స్ఫటికం మీద ఎక్స్‌రేలు పంపి లోపలి అమరిక తెలుసుకునే పరీక్షకి, పగుళ్లు లేని స్ఫటికం కావాలి. నా స్ఫటికాలేమో విరిస్తేనే మెరుస్తాయి! కబురు అంతా పాకిపోయి, లైబ్రరీ వాళ్ల దాకా "ఒక్కసారి చూపించు" అంటూ బారులు తీరారు. ఎవరొచ్చినా ఒకటి నలగాల్సిందే. చివరికి సారే స్వయంగా లైట్లు ఆర్పించి, "ఇంకొకటి" అన్నారు. గైడే అడిగితే కాదనేదెలా? మంచివి కొన్ని మాత్రం మదర్ లిక్కర్‌తో (అవి పెరిగిన ద్రావణంతో) సహా చిన్న సీసాలో పోసి, సారు చూడని చోట దాచాను. ఎక్కడో నీకు తెలుసు, మన పాత ఆవకాయ చోటే.

నిన్న వాటిలో ఒకదాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. అంచులు పదునుగా, ఒక మూల మాత్రం మబ్బుగా ఉంది. ఆ మబ్బు వల్ల డేటా పాడవుతుందా, కోసి తీసేయాలా అని టెన్షన్. కోస్తే మెరుస్తుంది, చూడాలనిపిస్తుంది, ఇంకొంచెం కోయాలని...

అయ్యో, ఫోను. ఎక్స్‌ఆర్‌డీ ఆపరేటర్. ముందువాడి స్ఫటికం పనికిరాలేదట, నా స్లాట్ ఇప్పుడే అంటున్నాడు. సీసా తీసుకుని పరిగెత్తాలి. యూనిట్ సెల్ (స్ఫటికంలో పదే పదే వచ్చే చిన్న గడి) కొలతలు రాగానే మళ్లీ రాస్తా. వచ్చేటప్పుడు చిన్న యూవీ టార్చి ఒకటి తీసుకురా, 365 నానోమీటర్లది, వేరేది వద్దు.

నీ
గుండుగాడు