ఆక్షన్ ఫ్లాట్‌కి లోన్ ఇస్తామని చెప్పి గడువు మధ్యలో చేతులెత్తేశారు, దీనిమీద ఫిర్యాదు

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

నమస్తే సార్. నిజాంపేట వైపు ఒక టూ బెడ్‌రూమ్ ఫ్లాట్ బ్యాంకు వేలంలో 56 లక్షలకి నాకు వచ్చింది. బాగుచేయించి అద్దెకిద్దామని నా ప్లాన్. వేలానికి ముందే మీ హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ బ్రాంచ్‌కి వచ్చి సేల్ నోటీసు ప్రింటవుట్ మీ లోన్ ఆఫీసర్ చేతిలో పెట్టి, దీనికి లోన్ వస్తుందా రాదా ఇప్పుడే చెప్పండి, రాదంటే ఈఎండీయే (బిడ్ వేయడానికి ముందు కట్టే డిపాజిట్) కట్టను అని అడిగాను. ఆక్షన్ ప్రాపర్టీలకి కూడా ఇస్తాం అని మా బ్రోచర్లోనే ఉంది కదా సార్ అన్నారు, జీతం, సిబిల్ చూసి శాంక్షన్ లెటర్ ఇచ్చారు, ప్రాసెసింగ్ ఫీజు కూడా కట్టించుకున్నారు. ఆ లెటర్ చూసుకునే బిడ్ వేశాను.

సర్ఫేసీ చట్టం కింద, అంటే అప్పు కట్టనివాళ్ల ఆస్తిని బ్యాంకు అమ్మే వేలంలో టైమ్ ఎంత టైట్‌గా ఉంటుందో మీకు తెలియనిది కాదు. ఆ చట్టం కింది రూల్స్‌లో రూల్ 9 ప్రకారం బిడ్ గెలిచిన రోజే, లేదంటే మర్నాటి వర్కింగ్ డే లోపు ఈఎండీతో కలిపి 25 శాతం కట్టాలి, మిగతా 75 శాతం సేల్ కన్ఫర్మ్ అయ్యాక 15వ రోజులోపు కట్టాలి. వేలం వేసిన బ్యాంకు ఒప్పుకుని రాసిస్తే గడువు పెరుగుతుంది గానీ మూడు నెలలు దాటదు. కట్టలేకపోతే కట్టిన డబ్బు పోతుంది, అంటే నావి 14 లక్షలు.

ఇంత టెన్షన్‌లో మీ లీగల్ టీమ్ అడిగింది పాత ఓనర్ సంతకంతో సేల్ అగ్రిమెంట్! అమ్మేది బ్యాంకు ఆథరైజ్డ్ ఆఫీసర్, నా చేతికొచ్చేది సేల్ సర్టిఫికెట్, ఇందులో పాత ఓనర్ సంతకంతో పనేంటి సార్? అప్పు కట్టలేక ఇల్లు పోగొట్టుకున్న మనిషి దగ్గరికి ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలి? సరే అని సేల్ కన్ఫర్మేషన్ లెటర్ ఇస్తే, సర్టిఫికెట్ రిజిస్టర్ అయ్యాకే డబ్బు రిలీజ్ చేస్తాం అన్నారు. మొత్తం డబ్బు కడితే గానీ ఆ బ్యాంకు సర్టిఫికెట్ ఇవ్వదు, సర్టిఫికెట్ వస్తే గానీ మీరు డబ్బు ఇవ్వరు. కన్ఫర్మేషన్ లెటర్ మీద డబ్బు నేరుగా ఆ బ్యాంకుకే పంపి సర్టిఫికెట్, ఒరిజినల్ డాక్యుమెంట్లు మీరే వాళ్ల దగ్గర తీసుకోండి, నా చేతికి రూపాయి ఇవ్వొద్దు అని కూడా చెప్పాను, వినలేదు.

మీ వాల్యుయర్ వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. తలుపుకి బ్యాంకు సీలు, పక్కన గోడ మీద పొజెషన్ నోటీసు ఉన్నాయి, తాళం తీయడానికి బ్యాంకు మనిషి దారిలో ఉన్నాడు, కాసేపు ఆగండి అని ఎంత చెప్పినా ఆగలేదు. మెట్ల దగ్గర నుంచి ఫోన్లో రెండు ఫొటోలు తీసుకుని వెళ్లిపోయి, రిపోర్టులో మాత్రం లోపలికి అనుమతి దొరకలేదు అని రాశాడు. ఆ ఒక్క లైను పట్టుకుని మీ క్రెడిట్ వాళ్లు ఫైలు పక్కన పడేశారు. సింబాలిక్ పొజెషన్, అంటే కాగితం మీద మాత్రమే స్వాధీనం అయి, లోపల మనుషులుండి డీఆర్టీలో (బ్యాంకు అప్పుల కేసులు చూసే ట్రిబ్యునల్‌లో) కేసు నడుస్తుంటే మీ భయం నాకూ అర్థమవుతుంది. ఇది అలాంటిది కాదు, సర్ఫేసీ చట్టం సెక్షన్ 14 కింద మేజిస్ట్రేట్ ఇచ్చిన ఆర్డర్‌తో ఫిజికల్ పొజెషన్ తీసుకున్న ఫ్లాట్, ఆ కాపీ మీ ఫైల్లోనే ఉంది.

చివరికి గడువు దగ్గర పడ్డాక ఫోన్ చేసి పాలసీ ఒప్పుకోదు సార్ అని ఒక్క ముక్కలో చెప్పి పెట్టేశారు. ఏ పాలసీయో కాగితం మీద ఇవ్వమంటే ఈరోజు వరకు జవాబు లేదు. ఆ బ్యాంకు ఆఫీసర్ని బతిమాలి గడువు పెంచుతూ లెటర్ తెచ్చుకున్నాను, మా ఆవిడ నగలు తాకట్టు పెట్టి, మా నాన్న ఊళ్లో పొలం మీద అప్పు తెచ్చి, తక్కువైంది ఎక్కువ వడ్డీకి బయట తీసుకుని కట్టాను. ఆయన ఈ వయసులో నా కోసం పట్టాదారు పాస్‌బుక్ పట్టుకుని బ్యాంకులో లైన్లో నిలబడాల్సి వచ్చింది, అది నేను మర్చిపోలేను సార్.

లోన్ ఇవ్వలేకపోతే కారణం రాతపూర్వకంగా చెప్పాలని హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకి ఆర్బీఐ ఫెయిర్ ప్రాక్టీసెస్ కోడ్‌లో ఉంది, ఆ లెటర్ నాకు ఇవ్వండి. ప్రాసెసింగ్ ఫీజు, లీగల్, వాల్యుయేషన్ చార్జీలు పూర్తిగా వెనక్కివ్వండి, బయట అప్పుకి నేను అదనంగా కడుతున్న వడ్డీకి కూడా మీరు బాధ్యత తీసుకోవాలి. అన్నిటికంటే ముందు, సర్టిఫికెట్ లేకుండా డబ్బు రిలీజ్ చేయరు అనే మాట బ్రోచర్లో పెద్ద అక్షరాలతో వేయండి, లేదంటే ఆక్షన్ ప్రాపర్టీ అనే ముక్క తీసేయండి. మొన్న వచ్చినప్పుడు కూడా అదే బ్రోచర్ మీ టేబుల్ మీద ఉంది, దాన్ని నమ్మి ఇంకొకళ్లు ఈఎండీ కట్టేస్తారు.

నెలలోపు జవాబు రాకపోతే నేషనల్ హౌసింగ్ బ్యాంక్ పోర్టల్లో కంప్లైంట్ పెడతాను. శాంక్షన్ లెటర్, ఫీజు రసీదు, సేల్ కన్ఫర్మేషన్, గడువు పెంచిన లెటర్, వాల్యుయర్ రిపోర్టు కాపీలు దీనితో జత చేశాను.

ఇట్లు,
మీ లోన్ అప్లికెంట్,
హైదరాబాద్