బ్యాడ్జి తీసి బయల్దేరిన మార్షల్

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

తన వాళ్లను పొట్టన పెట్టుకున్నవాడిపై పోలీసు కథానాయకుడు కక్ష తీర్చుకునే కథలు తెర మీద ఎన్నో చూస్తున్నాం. వాటిపై చర్చ మాత్రం రక్తపాతం మితిమీరిందా, పిల్లలు చూడవచ్చా అన్న దగ్గరే ఆగిపోతోంది. ఆ కక్ష ఎవరి అధికారంతో తీరుతోందని అడిగేవారు తక్కువ. యాభై ఏళ్ల కిందటి ఒక అమెరికన్ టీవీ ఎపిసోడ్ ఈ ప్రశ్నను దాటవేయకుండా ఎదుర్కొన్న తీరును మీ పాఠకుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

‘గన్‌స్మోక్’ అనే టీవీ ధారావాహిక 1955 నుంచి 1975 వరకు అమెరికన్ చానల్ సీబీఎస్‌లో 20 సీజన్ల పాటు, 635 ఎపిసోడ్లుగా ప్రసారమైంది. కథాస్థలం కాన్సస్‌లోని డాడ్జ్ సిటీ. అక్కడ చట్టాన్ని అమలు చేసే అధికారి, అంటే మార్షల్, మ్యాట్ డిలన్‌గా జేమ్స్ ఆర్నెస్, లాంగ్ బ్రాంచ్ అనే మద్యశాల యజమానురాలు కిట్టీ రసెల్‌గా అమాండా బ్లేక్ నటించారు. ఈ ఇద్దరికీ ధారావాహిక ముగిసేదాకా పెళ్లి జరగదు, అయినా ఒకరికొకరు ఏమవుతారో చూసేవారికి ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. 1972 డిసెంబరులో వచ్చిన ‘హోస్టేజ్’ అనే ఎపిసోడ్ ఆ బంధాన్నే పరీక్షకు పెట్టింది.

ఉరిశిక్ష పడిన తన సోదరుణ్ని కాపాడుకోవడానికి జూడ్ బానర్ అనే ముఠా నాయకుడు కిట్టీని అపహరిస్తాడు. ఉరి ఆగదు. దాంతో బానర్ ఆమెను డాడ్జ్ సిటీ వీధిలోనే తుపాకీతో కాల్చేస్తాడు. విలియం స్మిత్ పోషించిన ఈ పాత్ర ఎంత క్రూరమైనదైనా, దాన్ని నడిపించేది తోడబుట్టినవాడిపై మమకారమే. రచయితలు ఆ మమకారాన్ని చూపించారే గాని, దాని పేరుతో జరిగిన ఘోరాన్ని ఎక్కడా తక్కువ చేయలేదు. ఇటు కిట్టీ ప్రాణాల కోసం డాక్టరు పోరాడుతుండగా, డిలన్ తన బ్యాడ్జి తీసి పక్కన పెట్టి బానర్‌ను వేటాడటానికి బయల్దేరతాడు. ఆ వేట ఎలా ముగిసిందో, చూడనివారి కోసం ఇక్కడ చెప్పడం లేదు.

నా దృష్టిలో ఈ ఎపిసోడ్‌కు ప్రాణం ఆ బ్యాడ్జి తీయడంలోనే ఉంది. తాను చేయబోయేది చట్టం చేసే పని కాదని డిలన్‌కు తెలుసు. అప్పటికి పదిహేడేళ్లకు పైగా ప్రేక్షకులు చట్టానికి మారుపేరుగా చూసిన మనిషి, ప్రేమించిన స్త్రీ కోసం దారి తప్పడానికి సిద్ధపడ్డాడు. ఆ తప్పును మాత్రం ప్రభుత్వం తనకిచ్చిన అధికారం మీద వేయలేదు, తన ఒక్కడి నెత్తినే వేసుకున్నాడు. అతణ్ని నేను సమర్థించడం లేదు, కానీ అతని నిజాయితీని గౌరవిస్తున్నాను.

ఇదేదో రచయితల ఊహలోనే తలెత్తిన చిక్కు అనుకోవడానికీ లేదు. నిజమైన డాడ్జ్ సిటీలో 1870లలో పోలీసు ఉద్యోగం చేసిన వయట్ ఎర్ప్ ఆ తర్వాత ఆరిజోనాలోని టూంబ్‌స్టోన్‌కు వెళ్లాడు. 1882 మార్చి 18 రాత్రి అక్కడ బిలియర్డ్స్ ఆడుతున్న అతని తమ్ముడు మోర్గన్‌ను హంతకులు కాల్చి చంపారు. రెండు రోజులకే టూసాన్ రైల్వే స్టేషన్‌లో అనుమానితుడు ఫ్రాంక్ స్టిల్వెల్‌ను ఎర్ప్, అతని మనుషులు కాల్చేశారు. అప్పటికి ఎర్ప్ డిప్యూటీ యూఎస్ మార్షల్ హోదాలో ఉన్నాడు, ఆ బృందం కూడా ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ అధికారం పేరుతో వెళ్లినదే. అన్నగా అతని దుఃఖం నిజం. కానీ విచారణ లేకుండా మనిషిని చంపడానికి ఆ దుఃఖం ప్రభుత్వ హోదాను వెంట తీసుకెళ్లింది. చివరికి హత్య కేసులో వారంటు జారీ కాగా ఆ మార్షలే ఆరిజోనా విడిచి వెళ్లిపోవలసి వచ్చింది. తెర మీది డిలన్ తీసి పక్కన పెట్టినదాన్ని చరిత్రలోని ఎర్ప్ వదులుకోలేదు.

ఈ తేడా మనకు పరాయిది కాదు. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో, పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య కేసులోని నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో మరణించినప్పుడు జనం పోలీసులపై పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ పోలీసుల కథనాన్ని నమ్మలేదు, పది మంది పోలీసులపై హత్యానేరం కింద విచారణ జరపాలని సిఫార్సు చేసింది. ఆ నివేదిక 2022 మేలో బయటికి వచ్చేసరికి పూలు చల్లిన ఉత్సాహంలో కొంతైనా దాన్ని చదవడంలో కనబడలేదన్నది నా బాధ. ఆ యువతికి జరిగిన దారుణం తలచుకుంటే ఎవరి రక్తమైనా మరుగుతుంది. ఆ ఆగ్రహం మనుషులుగా మనకు ఉండాల్సిందే, కానీ దాన్ని తీర్చే పని యూనిఫాంకు అప్పగిస్తే, రేపు ఆ యూనిఫాం ఎవరి ఆగ్రహం తీర్చాలో నిర్ణయించేది మనం కాదు.

సినిమాలూ ధారావాహికలూ ప్రతీకార కథలు మానుకోవాలని నేను కోరడం లేదు. మహాభారతం విని పెరిగినవాళ్లం, కక్ష కథలో ఎంత లోతు ఉంటుందో మనకు తెలుసు. నేను కోరేదల్లా ఒక్కటే. పోలీసు పాత్రల ప్రతీకార కథలను మీ సినిమా పేజీలో సమీక్షించేటప్పుడు పోరాట దృశ్యాలను, సంగీతాన్ని తూచినట్టే, ఆ పాత్ర తన హోదాతో ఏం చేసిందన్నది కూడా తప్పక పరిశీలించాలని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విజయవాడ.