విడిభాగాలు ఆపేశాక పుస్తకాలైనా బయటపెట్టాలి

సంపాదకులకు,

మూలన పడి ఉన్న పాత యంత్రాలను తుక్కుకు పంపి చోటు ఖాళీ చేసుకోవాలని సలహా ఇస్తూ ఇటీవల మీ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. దానిమీద నా అభిప్రాయం చెప్పాలనే ఈ ఉత్తరం. పాత గార్డెన్ ట్రాక్టర్లను సేకరించి, పూర్తిగా విప్పి, బాగుచేసి మళ్లీ నడిపించడం చాలా ఏళ్లుగా నా హాబీ. తుప్పు పట్టిందంటే పని అయిపోయినట్టేనని ఆ వ్యాసకర్త అనుకున్నారు. తుప్పు పైన ఉంటుంది. లోపల గేర్లు చాలాసార్లు నూనెలో మునిగి, నిన్న బిగించినట్టే ఉంటాయి.

గార్డెన్ ట్రాక్టర్ అనగానే కూర్చుని గడ్డి కోసే మెషీన్ అనుకుంటారు చాలామంది. పాతవాటి కట్టుబడి వేరు. గడ్డి కోసే డెక్ తీసేసి నాగలి తగిలించొచ్చు, మట్టి తోసే బ్లేడు పెట్టొచ్చు, ట్రాలీ లాగించొచ్చు. అమెరికాలో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ 1960లో కబ్ క్యాడెట్ అనే గార్డెన్ ట్రాక్టర్‌ను తెచ్చినప్పుడు, తన చిన్న పొలం ట్రాక్టర్ ఫార్మాల్ కబ్ గేర్‌బాక్స్‌నే ఆధారంగా తీసుకుంది. 1963లో జాన్ డీర్ కంపెనీ 110 అనే గార్డెన్ ట్రాక్టర్ తెచ్చింది. ఇండియానా రాష్ట్రం సౌత్ బెండ్‌లో పాండ్ కుటుంబం రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక చిన్నగా మొదలుపెట్టిన పని వీల్ హార్స్ కంపెనీగా పెరిగింది. ఈ మూడు పేర్ల మీద వచ్చిన బళ్లలో చాలావాటికి కోలర్ కంపెనీ కె సిరీస్ ఇంజినే ఉండేది. ఒకటే సిలిండర్, పోత ఇనుము బ్లాకు. సిలిండర్ అరిగితే రీబోర్ చేయించి, అంటే లోపల కాస్త పెద్దగా తొలిపించి, దానికి సరిపడే ఓవర్‌సైజు పిస్టన్, రింగులు వేసుకోవచ్చు. ఒక ఇంజిన్ పని నేర్చుకున్నవాడు పది రకాల బళ్లు బాగుచేయగలగడానికి కారణం అదే.

నా దగ్గరున్నవాటిలో ఒకటి దాదాపు ఇరవై ఏళ్లు రేకుల షెడ్డులో కదలకుండా ఉండిపోయింది. నేను తెచ్చేసరికి ఇంజిన్ పట్టేసి ఉంది. స్పార్క్ ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలోంచి తుప్పు వదిలించే నూనె పోశాను. రోజూ సాయంత్రం ఫ్లైవీల్‌ను చేత్తో అటూ ఇటూ ఒత్తి చూసేవాడిని. సుత్తి మాత్రం ముట్టుకోలేదు. పిస్టన్ మీద దెబ్బ వేస్తే దానికే పగుళ్లొస్తాయి. మూడో వారంలో ఒకరోజు వెంట్రుకవాసి కదిలింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి.

తర్వాత అసలు టెన్షన్ మొదలైంది. స్టీరింగ్ గేరు దగ్గర ఒక బుష్ (షాఫ్ట్ చుట్టూ ఉండే లోహపు గొట్టం) పూర్తిగా అరిగిపోయింది. బండి తయారుచేసిన కంపెనీకి రాశాను. ఆ మోడల్ విడిభాగాలు ఎప్పుడో ఆపేశామన్నారు. అది అర్థం చేసుకోగలను, అరవై ఏళ్ల కిందటి బండికి ఇంకా బుష్‌లు పోతపోస్తూ కూర్చోమని ఎవరూ అడగరు. కనీసం ఆ భాగం డ్రాయింగ్, సర్వీస్ మాన్యువల్ ఇవ్వండి అని అడిగితే, ఇవ్వడం కుదరదన్నారు. చివరికి ఒక లేత్ షాపులో పాత బుష్‌నే చూపించి కొత్తది చేయించాను. పెట్టి చూస్తే స్టీరింగ్ మునుపటిలాగే ఊగింది. తప్పు లేత్ పనివాడిది కాదు. అరిగిన ముక్కను కొలిస్తే అరిగిన కొలతే వస్తుంది. అసలు కొలత కంపెనీ బీరువాలో కాగితం మీద ఉంది, మేమేమో షాఫ్ట్ అరగని చోట కొలిచి, అంచనా వేసి, ఇంకో రెండు బుష్‌లు పాడుచేసి ఆ అంకెను కనుక్కున్నాం.

నేను అడిగేది ఇదే. ఒక మోడల్‌కు విడిభాగాలు ఇవ్వడం మానేసిన రోజున, దాని పార్ట్స్ బుక్, సర్వీస్ మాన్యువల్, డ్రాయింగులు అందరికీ ఉచితంగా అందుబాటులో పెట్టాలి. అమ్మని వస్తువు కాగితాలు దాచిపెట్టి కంపెనీకి వచ్చే లాభం ఏమీ నాకు కనిపించదు. ఆలస్యం చేస్తే ఆ కాగితాలూ మిగలవు. కబ్ క్యాడెట్ 1981లో ఎంటీడీ అనే కంపెనీ చేతికి వెళ్లింది. వీల్ హార్స్‌ను 1986లో టోరో కంపెనీ కొనుక్కుంది. ఎన్నో చిన్న యంత్రాలకు ఇంజిన్లు చేసిన టెకుమ్‌సే 2008లో ఆ పనే మానేసింది. ఇలా చేతులు మారినప్పుడల్లా పాత ఫైళ్లను ఎవరు భద్రంగా మోస్తారు?

వ్యవసాయ యంత్రాలను సొంతంగా బాగుచేసుకునే హక్కు మీద అమెరికాలోని కొలరాడో రాష్ట్రం 2023లో చట్టం చేసింది. 2024 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. మాన్యువల్స్, విడిభాగాలు, సాఫ్ట్‌వేర్ రైతులకూ బయటి మెకానిక్‌లకూ ఇవ్వాలని దాని సారాంశం. మంచి చట్టం. అయితే ఇలాంటి చర్చలన్నీ ఎక్కువగా కొత్త యంత్రాల చుట్టూనే తిరుగుతున్నాయి. తయారీ ఆగిపోయినవాటి కాగితాల గురించీ స్పష్టంగా ఒక మాట రాయాలి. పైగా ఈనాటి బళ్లలో కంప్యూటర్ ఉంది. నా పాత బండి స్టార్ట్ కాకపోతే స్పార్క్ పుట్టించే పాయింట్ల గ్యాప్ 0.020 అంగుళం ఉందో లేదో ఫీలర్ గేజ్ అనే పలుచని కొలత రేకుతో చూసుకుంటాను. ఇప్పటి బండి కోడ్ తాళం వేసి ఉంటే, నలభై ఏళ్ల తర్వాత దాన్ని విప్పే కుర్రాడు ఏ గేజ్ పెట్టి చూడాలి?

పాతవన్నీ గొప్పవని నేను చెప్పడం లేదు. సీటు మీంచి లేస్తే బ్లేడు ఆగిపోయే స్విచ్ చాలా పాత బళ్లకు లేదు. పిల్లలు తిరిగే చోట అలాంటి దానితో గడ్డి కోయకూడదు. పాత బ్రేక్, క్లచ్ లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు కాబట్టి ఆ దుమ్మును గాలి కొట్టి ఊదకూడదు. పాత పెయింటులో సీసం ఉంటుందనుకుని, పొడిగా రుద్దకుండా జాగ్రత్త పడాలి. ఇథనాల్ కలిసిన పెట్రోల్ పాత రబ్బరు పైపులను మెత్తబరుస్తుంది, వాటిని ముందే మార్చుకోవాలి. ఇవన్నీ ఒకరి నుంచి ఒకరం నోటిమాటగా నేర్చుకున్నవి. అధికారికంగా ఒక చోట రాసి ఉంటే కొత్తవాళ్లు దెబ్బలు తిని నేర్చుకోవలసిన పని ఉండదు.

పాత ఇనుము కొనేవాళ్లకూ ఒక విన్నపం. ఇలాంటి బండి వస్తే నలగ్గొట్టే ముందు కొద్ది రోజులు పక్కన పెట్టి ఫొటో బయట అంటించండి. ఇనుము ధర కంటే కాస్త ఎక్కువే ఇచ్చి తీసుకెళ్లేవాళ్లం ఉన్నాం. పనికిరాని ఒక బండి నుంచి మూడు బళ్లకు ప్రాణం పోసిన సందర్భాలు నాకు తెలుసు. టెక్నికల్ స్కూళ్లు కూడా ఒక సింగిల్ సిలిండర్ ఇంజిన్‌ను తెచ్చుకుని పిల్లలతో విప్పించి బిగింపిస్తే బాగుంటుంది. వాల్వ్, పాయింట్లు, కార్బ్యురేటర్ అన్నీ కంటికి కనిపిస్తాయి, చేతికి అందుతాయి.

నేనూ, ఇదే హాబీ ఉన్న మరికొందరూ కలిసి ఏళ్ల తరబడి పోగుచేసిన మాన్యువల్స్, పార్ట్స్ బుక్కులు మా దగ్గర చాలానే ఉన్నాయి. కొన్నింటికి అట్టల్లేవు, కొన్నింటి మీద ఆనాటి మెకానిక్‌లు పెన్సిల్‌తో రాసుకున్న కొలతలు ఇంకా చెరిగిపోలేదు. కాపీరైట్ ఉన్నవాళ్లు రాతపూర్వకంగా అనుమతి ఇస్తే, మా ఖర్చుతోనే అన్నీ స్కాన్ చేసి ఏ పబ్లిక్ లైబ్రరీ తీసుకుంటానంటే ఆ లైబ్రరీకి ఇస్తాం. ఈ ఉత్తరం ప్రచురిస్తే ఆ అనుమతి ఇవ్వగలిగిన వాళ్ల కంట పడుతుందని ఆశిస్తున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు