పక్క రాష్ట్రం పిల్లలకి తలుపు పూర్తిగా మూసేయాలా?

సంపాదకుడు గారికి నమస్కారం.

అడ్మిషన్ల సీజన్ వచ్చిందంటే చాలు, ఎవరు లోకల్, ఎవరు నాన్‌లోకల్ అని మీ పేపర్లో రోజుకో వార్త. అవి చదివీ చదివీ ఈ ఉత్తరం రాస్తున్నాను. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఒక గదిలో కూర్చుని ఉన్నత చదువుల సీట్ల మీద చిన్న ఒప్పందం ఒకటి రాసుకోవాలి, నేను అడిగేది అంతే. కృష్ణా నీళ్లు ఎప్పటికి తేలతాయో దేవుడికే తెలియాలి, అవి తేలేదాకా పిల్లలు ఆగలేరు కదా.

2014 విభజన చట్టంలో 95వ సెక్షన్ అని ఒకటుంది. రెండు రాష్ట్రాల పిల్లలకీ మంచి ఉన్నత విద్యలో సమాన అవకాశం ఉండాలని, రాజ్యాంగంలోని 371డి అధికరణ కింద అప్పటికే నడుస్తున్న కోటాలు, ఉమ్మడి ప్రవేశాల పద్ధతి మరో పదేళ్లు అలాగే సాగాలని అందులో రాశారు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల లెక్క అందరికీ తెలిసిందే, 85 శాతం సీట్లు స్థానికులకి, మిగతా 15 శాతానికి మెరిట్ ఉంటే బయటి ప్రాంతం వాళ్లు కూడా పోటీ పడొచ్చు. ఆ పదేళ్లు 2024 జూన్ 2తో అయిపోయాయి. 2025 ఫిబ్రవరిలో తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వులిచ్చి, ఇంజినీరింగ్ లాంటి కోర్సుల్లో ఆ 15 శాతాన్ని కూడా తెలంగాణతో ఏదో ఒక బంధం ఉన్నవాళ్లకే పరిమితం చేసింది. ఇందులో తెలంగాణని తప్పుపట్టడానికేం లేదు, గడువు పదేళ్లేనని చట్టమే చెప్పింది, మా సీట్లు మా పిల్లలకి అని తెలంగాణ ఉద్యమంలో అడిగినవాళ్లు ఊరికే అడగలేదు. నా బాధల్లా, గడువు తీరాక ఏం చేద్దామని పదేళ్లలో రెండువైపులా ఎవరూ ఆలోచించిన జాడ లేకపోవడం. ఈ వ్యవహారం చూడాల్సిన ఉన్నత విద్యామండలే ఆస్తులు, బ్యాంకు ఖాతాల పంపకం దగ్గర సుప్రీంకోర్టు మెట్లెక్కింది, 2016 మార్చిలో తీర్పు వచ్చింది. ఇక సీట్ల గురించి మాట్లాడే తీరిక ఎవరికుంటుంది?

నేను రిటైరైన లెక్చరర్ని. కౌన్సెలింగ్ రోజుల్లో తెలిసినవాళ్ల పిల్లలు ఇప్పటికీ ఫోన్ చేస్తుంటారు, వెబ్ ఆప్షన్లు ఎలా పెట్టాలి, ఏ కాలేజీ ముందు పెట్టాలి అని. వాళ్లలో ఒక అమ్మాయిది నల్లగొండ వైపు. పదో తరగతి దాకా అక్కడే చదివింది, కోచింగ్ బాగుంటుందని వాళ్ల నాన్న ఇంటర్‌కి విజయవాడ హాస్టల్లో వేశాడు. ఆ దారి ఆ అమ్మాయి కొత్తగా కనిపెట్టిందేమీ కాదు, ఖమ్మం, కోదాడ, సూర్యాపేట పిల్లలు ఎన్నో ఏళ్ల నుంచి చేస్తున్నదే. మెడికల్ సీటు దగ్గరికి వచ్చేసరికి, ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్ల చదువు వరసగా తెలంగాణలోనే ఉండాలని 2024లో నిబంధన వచ్చి కూర్చుంది. ఆంధ్రాలో చూస్తే ఆమె చదివింది రెండేళ్లే, అక్కడా స్థానికురాలు కాదు. రెంటికీ చెడ్డ రేవడి అంటామే, అదే అయింది. స్టడీ సర్టిఫికెట్లన్నీ ప్లాస్టిక్ కవర్లో వరసగా పెట్టుకొచ్చి "సార్, నేను ఏ రాష్ట్రం?" అని అడిగితే ఏం చెప్పాలో నాకు నోరు రాలేదు. ఆ నిబంధన చెల్లుతుందని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా చెప్పేసింది కాబట్టి కోర్టు వైపు చూడటం ఇక దండగ. ప్రభుత్వాలు మాట్లాడుకోవడం ఒక్కటే మిగిలింది.

ఇంకో చోటు చూడండి, భద్రాచలం. పోలవరం ముంపు పేరుతో 2014లోనే ఖమ్మం జిల్లా మండలాలు కొన్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి, భద్రాచలం ఊరు మాత్రం తెలంగాణలో ఉండిపోయింది. ఊరి పొలిమేర దాటితే ఎటపాక, అది ఆంధ్ర. ఎటపాక పిల్లకి బస్సు, ఆసుపత్రి, సంత, పుస్తకాల షాపు అన్నీ భద్రాచలమే, ఆ చుట్టుపక్కల కోయ పల్లెలకీ అంతే. డిగ్రీ అనేసరికి ఇటువైపు తెలంగాణ డిగ్రీ ప్రవేశాల పోర్టల్ దోస్త్‌లో దరఖాస్తు, అటువైపు వేరే పోర్టల్, స్కాలర్‌షిప్పు ఒక రాష్ట్రానిది, కాలేజీ ఇంకో రాష్ట్రానిది. ఏ జీవో ఎవరికి వర్తిస్తుందో అక్కడి ప్రిన్సిపాళ్లకే అయోమయంగా ఉంటే, ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కే పిల్లకి ఏం అర్థమవుతుంది? అన్నట్టు, ఇదే విభజన చట్టం పుణ్యమా అని రెండు రాష్ట్రాలకీ చెరో కేంద్ర గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది, విజయనగరం వైపు ఒకటి, ములుగులో ఒకటి. కోయలు గోదావరికి రెండు వైపులా ఉన్నారు. కోయ భాష మీద, కోయల వైద్యం మీద, అటవీ హక్కుల మీద ఈ రెండూ కలిసి ఒక్క కోర్సు నడిపినా ఎంత బాగుంటుంది.

ఇలాంటి ఒప్పందాలు ఎక్కడైనా నడిచాయా అంటే, అమెరికాలో డెబ్బై ఏళ్ల పైనుంచి నడుస్తున్నాయి. అక్కడ కూడా మన లోకల్, నాన్‌లోకల్ లాంటిదే ఉంది, సొంత రాష్ట్రం పిల్లలకి ఒక ఫీజు, బయటి పిల్లలకి దానికి రెండింతలో మూడింతలో. పశ్చిమ రాష్ట్రాల్లో జనం తక్కువ, ప్రతి రాష్ట్రమూ సొంత మెడికల్ కాలేజీ, వెటర్నరీ కాలేజీ పెట్టుకోలేదు. అందుకని 1950ల మొదట్లోనే ఒక ఉమ్మడి కమిషన్ పెట్టుకున్నాయి. దాని కింద ఇవాళ పక్క రాష్ట్రం విద్యార్థి చేరితే స్థానికుడు కట్టే ఫీజుకి ఒకటిన్నర రెట్లకి మించకుండా కడతాడు. మెడిసిన్‌కి ఇంకో ఏర్పాటుంది. వాషింగ్టన్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్లో వయోమింగ్, అలాస్కా, మోంటానా, ఐడహో రాష్ట్రాల పిల్లలకి విడిగా సీట్లు, ఆ సీట్లకి డబ్బు ఆయా రాష్ట్రాలే ఇస్తాయి, మొదటి దశ క్లాసులు సొంత రాష్ట్రంలోనే జరుగుతాయి. వయోమింగ్‌కి, అలాస్కాకి సొంత మెడికల్ కాలేజీయే లేదు, అయినా డాక్టర్లు తయారవుతున్నారు. మన రెండు రాష్ట్రాలకి బాగా సరిపోయేది మాత్రం మిన్నెసోటా, విస్కాన్సిన్‌ల ఒప్పందం. 1968 నుంచి ఉంది. ఇద్దరే ఇరుగుపొరుగు, అటు పిల్లలు ఇటు, ఇటు పిల్లలు అటు దాదాపు సొంత రాష్ట్రం ఫీజుతో చదువుతారు, ఎవరు ఎక్కువమందిని పంపారో చూసి ప్రభుత్వాలు లెక్క తేల్చుకుంటాయి.

అక్కడ అన్నీ పుణ్యకార్యాలేనని నేను అనను. దక్షిణాది రాష్ట్రాలు 1948లో చేసుకున్న ఒప్పందం మీద, నల్లజాతి విద్యార్థుల్ని తమ యూనివర్సిటీల్లోకి రానివ్వకుండా బయటికి పంపించే ఎత్తుగడ ఇది అని పెద్ద విమర్శ వచ్చింది, అది ఉత్తి విమర్శ కూడా కాదు. పొరుగు రాష్ట్రంతో పొత్తు పేరు చెప్పి సొంత పిల్లలకి కాలేజీ కట్టకుండా తప్పించుకునే ప్రభుత్వాలు మన దగ్గరా ఉంటాయి. కాబట్టి ఒప్పందంలో ఆ మాట ముందే రాసుకోవాలి, పక్క రాష్ట్రంలో సీట్లున్నాయని సొంత కాలేజీలో పోస్టులు ఖాళీగా పెట్టకూడదని.

మనకి ఎలా ఉండాలంటే, 85 శాతం జోలికి అస్సలు పోవద్దు. రాష్ట్రపతి ఉత్తర్వుల్ని కదపక్కర్లేదు, పార్లమెంటుకి వెళ్లక్కర్లేదు. 15 శాతంలోంచి గానీ, దానికి పైన అదనపు సీట్లుగా గానీ, కొన్నింటిని సమానంగా మార్చుకోవాలి, ఇన్నిస్తే ఇన్ని. జీవోతో తీసేసిన దాన్ని జీవోతో ఇవ్వడానికి అడ్డమేముంది? కంప్యూటర్ సైన్స్ సీట్లు ఇందులోకి తేవద్దని నా గట్టి అభిప్రాయం, అవి రెండు చోట్లా గుట్టలుగా పోసి ఉన్నాయి. ఒక చోట బాగా ఉండి ఇంకో చోట లేని చదువుల సంగతి చూడాలి. ఆంధ్రా యూనివర్సిటీలో వాతావరణ, సముద్ర శాస్త్రాలు ఎప్పటినుంచో చెబుతున్నారు, తెలంగాణకి సముద్రమే లేదు. ఉస్మానియాలో ఖగోళశాస్త్రం ఉంది, జాపాల రంగాపూర్‌లో అబ్జర్వేటరీ ఉంది, విశాఖలో చదివే పిల్లాడికి ఉస్మానియాలో ఒక సెమిస్టర్ దొరికితే ఎవరి సొమ్ము పోతుంది? జాతీయ విద్యా విధానం వచ్చాక క్రెడిట్లు దాచుకునే అకడమిక్ బ్యాంకు పెట్టారు, ఒక సెమిస్టర్ వేరే చోట చదివి రావడానికి కాగితం మీద దారి ఇప్పటికే ఉంది, రెండు యూనివర్సిటీలు ఒప్పుకుంటే సరిపోతుంది.

అసలు పేచీ వచ్చేది డబ్బు దగ్గర. ఫీజు రీయింబర్స్‌మెంట్ సాధారణంగా సొంత రాష్ట్రం గీత దాటదు. మెరిట్‌తో సీటొచ్చిన బీద పిల్లాడు ఫీజు కట్టలేక దాన్ని వదిలేసుకుంటే ఆ ఒప్పందం డబ్బున్న పిల్లలకే పనికొస్తుంది. మార్చుకున్న సీట్లకి మాత్రం సొంత రాష్ట్రమే రీయింబర్స్‌మెంట్ పంపాలి, సీట్ల సంఖ్య సమానం కాబట్టి రెండు ఖజానాలకీ బరువు దాదాపు ఒకటే. ఎస్సీ, ఎస్టీ, బీసీ వర్గాల జాబితాలు రెండు చోట్లా ఒకేలా లేవు కాబట్టి, విద్యార్థి తన సొంత రాష్ట్రంలో ఏ వర్గమో ఆ వర్గంగానే లెక్కించాలి. ఇది రాసుకోకపోతే మొదటి ఏడాదే కోర్టులో పడుతుంది.

"వాళ్లంతా హైదరాబాద్ వచ్చేస్తారు, మావాళ్లు ఎవరూ అటు వెళ్లరు" అనే భయం నాకు అర్థమవుతుంది, అందులో నిజముంది. అందుకే సమాన సంఖ్య అంటున్నాను. అటు వెళ్లేవాళ్లు యాభైమందే ఉంటే ఇటు వచ్చేదీ యాభైమందే.

2024 జులై 6న హైదరాబాద్‌లో రేవంత్ రెడ్డి గారు, చంద్రబాబు గారు కలిసినప్పుడు విభజన సమస్యల మీద అధికారుల కమిటీ, మంత్రుల కమిటీ వేస్తామన్నారు. ఆ కమిటీల ఎజెండాలో ఆస్తులు, బకాయిల తర్వాత అయినా సరే ఈ సీట్ల మార్పిడిని ఒక అంశంగా చేర్చమని రెండు ప్రభుత్వాల్నీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. అన్నీ ఒక్కసారి కానక్కర్లేదు, ఎటపాక పిల్లలకి భద్రాచలం డిగ్రీ కాలేజీలో లోకల్ హోదా, స్కాలర్‌షిప్పు ఇచ్చేలా ఒక ఉమ్మడి ఉత్తర్వు వచ్చే దోస్త్ నోటిఫికేషన్ లోపు తెస్తే మొదలుపెట్టినట్టే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్చరర్