చేతికి కట్టే వాచీని ఒంటికి దూరంగా ఉంచమంటే ఎలా?

వినియోగదారుల ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: పిల్లల 4జీ స్మార్ట్‌వాచీకి ఎస్‌ఏఆర్ (పరికరం నుంచి ఒంట్లోకి చేరే రేడియో తరంగాల శక్తి కొలత) వివరాలు ఇవ్వకపోవడం, మాన్యువల్‌లో పనికిరాని సూచన గురించి.

అయ్యా,

మా అమ్మాయి రెండో తరగతి. స్కూలు వ్యాను ఆలస్యమైన ప్రతిసారీ టెన్షన్ పడలేక, సిమ్ వేసుకునే మీ పిల్లల వాచీ కొన్నాం. కాల్స్, లొకేషన్ బాగానే పనిచేస్తున్నాయి. నా ఫిర్యాదంతా మాన్యువల్ చివరి పేజీలో, కళ్ళజోడు పెట్టుకున్నా కంటికి ఆనని అక్షరాల్లో ఉన్న ఒక వాక్యం గురించి: ‘వాడేటప్పుడు పరికరాన్ని శరీరానికి కనీసం 15 మిల్లీమీటర్ల దూరంలో ఉంచాలి.’

పట్టీ బిగించి చేతికి పెట్టుకునే వస్తువండీ ఇది. దాని వెనక భాగం ఎప్పుడూ చర్మానికి ఆనుకునే ఉంటుంది. ఆ 15 మిల్లీమీటర్లు ఎక్కణ్ణుంచి తేవాలి? ఏదో ఫోన్ మాన్యువల్‌లోని పేరాను యథాతథంగా తెచ్చి పెట్టినట్టుంది. ఒకవేళ నిజంగానే అంత దూరంలో పెట్టి పరీక్ష చేసి ఉంటే, ఆ ఫలితం మా పిల్ల చేతికి వర్తించదు. యాంటెన్నా దగ్గరయ్యేకొద్దీ ఒంట్లోకి చేరే శక్తి పెరుగుతుంది.

మీ కస్టమర్ కేర్‌ను అడిగితే ‘ఫుల్లీ సర్టిఫైడ్ మేడమ్’ అన్నారు. సర్టిఫికెట్ పంపమంటే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ కాపీ పంపారు. అది షాక్ కొట్టకుండా, మంటలు రాకుండా చూసే విద్యుత్ భద్రతకు సంబంధించినది. ఫోన్‌లో అయితే *#07# నొక్కితే ఎస్‌ఏఆర్ ఎంతో కనిపిస్తుంది. మీ వాచీలో మేం సేవ్ చేసిన నంబర్లకు కాల్ చేయడమే తప్ప అంకెలు నొక్కే వీలే లేదు. పెట్టె మీద లేదు, వెబ్‌సైట్‌లోనూ లేదు.

మన దేశంలో మొబైల్ ఫోన్ల ఎస్‌ఏఆర్‌కు 2012 సెప్టెంబరు 1 నుంచి కిలో బరువుకు 1.6 వాట్ల పరిమితి ఉంది. ఒక గ్రాము కణజాలం మీద తీసే సగటు అది. అమెరికాలో టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ కూడా తలకు, మొండేనికి ఇదే అంకె పెట్టింది. మణికట్టుకు మాత్రం పది గ్రాముల మీద సగటున కిలోకు 4 వాట్ల దాకా అనుమతిస్తుంది. అందుకే అక్కడ కాల్స్ చేసే చేతి వాచీలకు రెండు పరీక్షలుంటాయి. మణికట్టుకు పెట్టుకున్నట్టు ఒకటి, నోటి దగ్గర పెట్టి మాట్లాడినట్టు 10 మిల్లీమీటర్ల దూరంలో ఇంకొకటి. ఈ రెండోదానికి 1.6 పరిమితే. మీ వాచీకి ఈ రెండూ చేశారా?

ఇంకో సంగతి. వాచీ నిద్రను కూడా లెక్కపెడుతుందని మీ ప్రకటనలోనే ఉంది, అంటే రాత్రిళ్ళు కూడా పెట్టుకోమనేగా. మా అమ్మాయి చెయ్యి బుగ్గ కింద పెట్టుకుని పడుకుంటుంది. అప్పుడు వాచీ ఆనుకునేది తలకు. మణికట్టు లెక్క చూపించి సరిపెడితే కుదరదు. లొకేషన్ పంపడానికి అది రాత్రి కూడా మధ్యమధ్యలో నెట్‌వర్క్‌కు సిగ్నల్ పంపుతుంది. మా పడగ్గదిలో సిగ్నల్ ఒక్క గీతే, అలాంటి చోట టవర్‌ను అందుకోవడానికి పరికరం పవర్ పెంచుతుంది. బ్లూటూత్ ఒక్కటే ఉన్న వాచీ అయితే ఇంత పట్టించుకునేదాన్ని కాదు, వాటిలో చాలావరకు కొన్ని మిల్లీవాట్లే. 4జీ పరికరం 200 మిల్లీవాట్ల దాకా పోగలదు. మీ నుంచి జవాబు వచ్చేదాకా రాత్రిళ్ళు వాచీ తీసేస్తున్నాను.

దీనివల్ల జబ్బు వస్తుందని నేను అనడం లేదు. హాని జరిగే స్థాయికి చాలా కిందే ఈ పరిమితులు పెట్టారని తెలుసు. కానీ పరిమితి లోపల ఉందో లేదో కొలిస్తేనే తెలుస్తుంది. 2023 సెప్టెంబరులో ఫ్రాన్స్‌లో ఏఎన్‌ఎఫ్‌ఆర్ అనే ప్రభుత్వ సంస్థ ఐఫోన్ 12ను చేతిలోనో ప్యాంటు జేబులోనో ఉన్నట్టుగా కొలిస్తే, కిలోకు 4 వాట్లు దాటకూడని చోట 5.74 వచ్చింది. అమ్మకాలు ఆపించి, సాఫ్ట్‌వేర్ సరిచేయించారు. మీరేమో పసిపిల్లలకు అమ్మే వస్తువుకు అంకె కూడా చెప్పడం లేదు.

ఈ మోడల్ ఎస్‌ఏఆర్ పరీక్ష రిపోర్టు, ఏ దూరంలో, ఏ బ్యాండ్లలో, ఎంత పవర్‌తో కొలిచారో ఆ వివరాలతో సహా నాకు పంపండి. ఆ అంకెలు పెట్టె మీద వేయండి. మాన్యువల్‌లో 15 మిల్లీమీటర్ల వాక్యం తీసేసి, రాత్రి పెట్టుకోవచ్చో లేదో తెలుగులోనూ స్పష్టంగా రాయండి. పరీక్షే చేయించకపోతే ఆ మాటే చెప్పి, వాచీ వెనక్కి తీసుకుని డబ్బు ఇచ్చేయండి.

కొన్న వస్తువు ప్రమాణాలేమిటో తెలుసుకునే హక్కు 2019 వినియోగదారుల పరిరక్షణ చట్టం నాకిచ్చింది. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే 1915 హెల్ప్‌లైన్‌కు, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. బిల్లు, మాన్యువల్ చివరి పేజీ ఫోటో, మీ కస్టమర్ కేర్ మెయిల్ జతచేశాను.

ఇట్లు,
మీ వాచీ కొన్న ఒక తల్లి,
విజయవాడ