వేరుశెనగ బండి నుంచి గోల్‌కీపరుకు

ఒరే గోల్‌కీపరూ,

నీ ఉత్తరం వచ్చి నాలుగు నెలలు దాటింది. తిట్టుకో, పడతాను. జవాబు రాద్దామని రెండుసార్లు కూర్చున్నాను. ఒకసారి కరెంటు పోయింది, ఇంకోసారి ఉత్సాహం పోయింది. ఇంటి కబుర్లన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేస్తాను: అమ్మకు చక్కెర అదుపులోకి వచ్చింది, మేడ మీది గది ఇంకా మొండిగోడలతోనే ఉంది, నాకు బదిలీ తప్పింది, మా ఆవిడ నీకు మాగాయ కట్టి ఉంచింది. అయిపోయింది. ఇక అసలు సంగతికి రానీ, ఎవరికైనా చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

మా మేనల్లుడు తెలుసుగా, తొమ్మిదో తరగతివాడు. పోయిన శనివారం స్కూళ్ల ఫుట్‌బాల్ పోటీలో ఆఖరి నిమిషంలో పెనాల్టీ వస్తే, ఎదురుగా గోల్‌కీపరు ఒక్కడే ఉండగా, బంతిని గోలు పైకర్ర మీదుగా ఆకాశానికి పంపించాడు. ఇంటికొచ్చి తలుపేసుకున్నాడు, అన్నం ముట్టలేదు. అక్క ఫోను చేసి, "నువ్వూ ఒకప్పుడు ఇలాంటి ఘనకార్యం చేసినవాడివేగా, వచ్చి వాడితో మాట్లాడు" అంది. చూశావా! 1991 నాటి సంగతి మన ఊరు ఇంకా మరిచిపోలేదు. నా పెనాల్టీ వెళ్లి తగిలిన ఆ వేరుశెనగ బండి, ఆ ఏడున్నర రూపాయలు, చొక్కా నిండా వేరుశెనగ పొట్టుతో మనిద్దరం... సరే, నవ్వడం ఆపు.

ఉత్త చేతులతో వెళ్లడం ఎందుకని ముందు రోజు రాత్రి, పెనాల్టీ పోగొట్టుకున్న మహానుభావుల కోసం వెతుక్కుంటూ కూర్చున్నాను. అక్కడ దొరికాడు వాల్డెమార్ డి బ్రిటో. పేరు విన్నావా? నేనూ వినలేదు. బ్రెజిల్ ఆటగాడు. 1934 ప్రపంచ కప్పుకు ఇటలీకి రోజుల తరబడి ఓడలో వెళ్లారట. అప్పుడు పోటీ మొత్తం నాకౌట్ పద్ధతి, ఒక్కటి ఓడితే మూటాముల్లె సర్దుకోవాల్సిందే. జెనోవాలో స్పెయిన్‌తో మ్యాచ్. పెనాల్టీ కొట్టడానికి మనవాడు వెళ్లాడు. ఎదురుగా గోల్‌లో ఎవరనుకున్నావు? రికార్డో జమోరా! నువ్వు పదో తరగతిలో నోటుపుస్తకం అట్ట మీద పేరు రాసుకుని పూజించినవాడే. ఆపేశాడు. బ్రెజిల్ 3-1తో ఓడిపోయి పోటీలోంచి బయటపడింది. ఇంటికి తిరిగొచ్చేటప్పుడు అన్ని రోజులు సముద్రం మీద ఆ పెనాల్టీని తలుచుకుంటూ... నాకైతే ఇంటికి నడిచి వెళ్లడానికి పావుగంటే పట్టింది, ఆ పావుగంటే ఇప్పటికీ తరగలేదు.

అసలు కథ ఆ తర్వాత ఉంది. ఆట మానేశాక ఈయన కోచ్ అయ్యాడు. సావొ పౌలో రాష్ట్రంలో బవురు అనే రైల్వే ఊళ్లో, అక్కడి క్లబ్బు కుర్రాళ్ల జట్టుకు. దాన్ని బాకిన్యో అని ముద్దుగా పిలిచేవాళ్లు. ప్రపంచ కప్పు ఆడినవాడు పిల్లల వెనక ఈల వేసుకుంటూ తిరగడం! ఆ జట్టులో ఒక బక్కపలచని కుర్రాడు, ఇంట్లో పిలుపు పేరు డీకో. బూట్లు పాలిష్ చేసేవాడు. అంతకుముందు వీధి జట్టుకు చొక్కాలూ నిక్కర్లూ కొనడానికి, ఈ వెధవలు రైలు పెట్టెల్లోంచి ఏం దొంగిలించి అమ్మారో చెప్పుకో చూద్దాం.

వేరుశెనగ కాయలు!

ఒట్టు, నేను కల్పించింది కాదు. ఆ డీకోయే పేలే. అర్ధరాత్రి రెండింటికి నేను పెట్టిన కేకకు మా ఆవిడ లేచి దొంగలనుకుంది.

ఇప్పుడు నాకు తట్టిన మాట చెబుతాను, నువ్వు ఒప్పుకోకపోయినా సరే. పేలేని వాల్డెమార్ "కనిపెట్టాడు" అని అందరూ రాస్తారు. కనిపెట్టడానికేముంది? ఊరంతా చూస్తూనే ఉంది కదా, కుర్రాడు మైదానం మధ్యలోనే ఆడుతున్నాడు. వాళ్ల నాన్న దొందిన్యో కూడా ఆటగాడే, మోకాలు దెబ్బతిని పెద్ద క్లబ్బులో నిలదొక్కుకోలేకపోయాడు. కొడుకు ఎలాంటివాడో ఆయనకు తెలియదా? తెలియాల్సింది కాదు, ఒప్పుకోవాల్సింది వాళ్లమ్మ సెలెస్తే. మొగుడి మోకాలు చూసి చూసి ఆవిడకు ఫుట్‌బాల్ అంటేనే ఒళ్లుమంట. ఆట అన్నం పెట్టదని ఆవిడ వాదన, అబద్ధమూ కాదు. వాల్డెమార్ చేసిన అసలు పని మైదానంలో కాదురా, ఆ ఇంట్లో కూర్చుని ఆవిడకు నచ్చజెప్పడం. మంచి ఆటగాణ్ణి గుర్తుపట్టేవాళ్లు వీధికొకరుంటారు. తల్లి ఎదుట కూర్చుని, ఆవిడ కోపం చల్లారేదాకా కదలకుండా ఉండగలవాడు ఊరికొకడు కూడా ఉండడు.

నీకు గుర్తొచ్చిందని తెలుసు. మన పీటీ మాస్టారు మీ ఇంటికి వచ్చిన రోజు. నిన్ను క్రీడా హాస్టలుకు పంపమని అడగడానికి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు పాపం. అప్పటికే నీ బూట్లు బియ్యం డబ్బాలో దాచేసిన మీ అమ్మగారు, ఆయన గ్లాసులో కాఫీ పోస్తూనే, "మావాడి మోకాలు విరిగితే కొత్తది మీరు కొనిస్తారా మాస్టారూ?" అన్నారు. ఆయన కాఫీ పూర్తిగా తాగను కూడా లేదు. మనం కిటికీ పక్కనే నక్కి ఉన్నాం. ఆ రోజు ఆయన ఇంకో పది నిమిషాలు కూర్చుని ఉంటే... సరే, వదిలేయ్. ఆఖరికి నీ మోకాలు ఆఫీసు మెట్లెక్కి పాడైందిగా, పెద్దావిడకు ఆ మాట మాత్రం చెప్పకు.

ఎక్కడున్నాను? ఆ, 1956. పదిహేనేళ్ల కుర్రాడు, జీవితంలో మొదటిసారి పొడుగు ప్యాంటు, పక్కన నాన్న, వాల్డెమార్. బవురు నుంచి సావొ పౌలో నగరానికి రైలు, అక్కడి నుంచి సముద్రం ఒడ్డునున్న సాంతోస్, అదే పేరుతో క్లబ్బున్న ఊరు. కుర్రాడు సముద్రం చూడటం కూడా అదే మొదలు. క్లబ్బు పెద్దలతో వాల్డెమార్, "వీడు ప్రపంచంలోకెల్లా గొప్ప ఆటగాడవుతాడు" అన్నాడని చెబుతారు. తను ముందే అలా అన్నానని తర్వాత చెప్పుకునేవాళ్లు కొల్లలు కాబట్టి నాకు కొంచెం అనుమానమే, కానీ కుర్రాణ్ణి వెంటబెట్టుకుని అంత దూరం వెళ్లినవాడు అని ఉంటాడులే. సెప్టెంబరు 7న పెద్దల జట్టులో మొదటి మ్యాచ్ ఆడి గోలు కొట్టాడు. ఆ వేరుశెనగ దొంగల జట్టు పేరేమిటో తెలుసా? సెప్టెంబరు 7! వీధి పేరును బట్టి పెట్టుకున్నారట.

ఆగు, ఇంకా ఉంది. సాంతోస్‌లో చేరిన కొత్తలో యువ జట్టు తరఫున ఆడుతూ పేలే కూడా పెనాల్టీ పోగొట్టాడు! సిగ్గుతో తెల్లవారుజామునే పెట్టె సర్దుకుని ఇంటికి పారిపోబోతుంటే, క్లబ్బులోని సబుజిన్యో అనే ఆయన ఆపాడట. వాల్డెమార్ కాదు, జమోరా కాదు, దారిలో ఎదురైన సబుజిన్యో. రెండేళ్లు తిరక్కుండా 1958లో పదిహేడేళ్ల పేలే చేతిలో ప్రపంచ కప్పు. 1969లో మరకానాలో కొట్టిన వెయ్యో గోలు దేనితోననుకున్నావు? పెనాల్టీతోనే. 1977లో మీ పెదనాన్న కలకత్తా వెళ్లి, ఈడెన్ గార్డెన్స్ బురదలో మోహన్ బగాన్ మీద పేలే ఆట చూసొచ్చి ఇరవై ఏళ్లు చెప్పారే, ఆ 2-2 మ్యాచ్ నాటికి కూడా వాల్డెమార్ బతికే ఉన్నాడు. 1979లో పోయాడు.

ఇదంతా మర్నాడు మేనల్లుడి గది బయట నిలబడి, తలుపుకు చెప్పాను. గంటసేపు. అక్క మధ్యలో రెండుసార్లు వచ్చి నన్ను జాలిగా చూసి వెళ్లింది. ఆఖరికి లోపలి నుంచి గొంతు వినిపించింది: "ఆయన పెనాల్టీ పోగొట్టి పేలేని పట్టుకొచ్చాడు. నువ్వు ఎవరిని పట్టుకొచ్చావు మామయ్యా?"

ఏం చెబుతాను? జేబులో ఉన్న పొట్లం తలుపు సందులోంచి లోపలికి తోశాను. వేయించిన వేరుశెనగ కాయలు. కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఒకటే నవ్వు. అక్క వాడికి ఆ బండి కథ ఎప్పుడో చెప్పేసిందన్నమాట!

ఇంకా చాలా ఉంది, వాల్డెమార్ అన్న పెత్రొనీల్యో సంగతి అసలు ఎత్తనే లేదు, ఆయనా పెద్ద ఆటగాడే... అదిగో, వాడు కింద నుంచి అరుస్తున్నాడు. పెనాల్టీలు కొడతాడట, నేను గోల్‌లో నిలబడాలట. నీ పని నా నెత్తిన పడింది. రెండు మామిడి చెట్ల మధ్య గోలు, వెనక పక్కింటివాళ్ల కిటికీ అద్దం. వస్తున్నా

నీ
వేరుశెనగ బండి