బియ్యం సరే, పప్పేదీ?

సంపాదకుడు గారికి,

కోటా బియ్యం అమ్ముకునేవాళ్ల కార్డులు తీసేయాలని మొన్న ఇదే పేజీలో ఒకరు రాశారు. నేనూ అమ్మాను. కింద పేరు పెట్టకపోవడానికి కారణం అదే.

మా కార్డులో ఐదుగురం. మనిషికి 5 కిలోల లెక్కన నెలకు 25 కిలోలు ఉచితంగా వస్తాయి. పస్తులు లేకుండా గడుస్తోందంటే ఆ బియ్యం వల్లే, కాదనను. పిల్లలిద్దరూ మధ్యాహ్నం బళ్లోనే తింటారు కాబట్టి నెలాఖరుకి నాలుగైదు కిలోలు మిగులుతాయి. చీకటిపడే వేళకి బండి మీద ఒకాయన సంచీ, కాటా తెచ్చుకుంటాడు. కిలోకి 12 రూపాయలు. ఐదు కిలోలకి అరవై. ఆ అరవైతో కొట్లో అరకిలో కందిపప్పు తెచ్చాను. మేం చేసిన జల్సా అంతే.

డిపోలో రాయితీ మీద కిలో 67కి ఇచ్చే పప్పు వస్తే ఈ బేరమే అక్కర్లేదు. అడిగితే "స్టాకు రాలేదమ్మా" అంటారు. పోనీ వచ్చిందే అనుకుందాం. కార్డుకి కిలో. ముప్ఫై రోజులకి పంచితే మనిషికి రోజుకు 7 గ్రాములు కూడా పడదు. పప్పులు, గుడ్లు, చేపలు, మాంసం అన్నీ కలిపి రోజుకు 85 గ్రాములు తినాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది.

మా పప్పుచారులో గుప్పెడు పప్పు, పెరట్లో మునగాకు, ఒక టమాటా, మిగతా తపేలా అంతా నీళ్లు. మా చిన్నాడు గరిటె అడుగుదాకా పెట్టి తిప్పితే గాని వడ్డించుకోడు. వాడి కంచంలో పప్పు పడితే అత్తగారి దాకా వచ్చేది చింతపండు నీళ్లే. ఆవిడ ఏమీ అనరు. గంజి పోయమని, ఉప్పేసుకుని తాగేస్తారు. గోంగూరలో కాస్త రొయ్యపొట్టు పడేది వారానికోసారి.

2013లో ఉమ్మడి రాష్ట్రంలో అమ్మహస్తం కింద 185 రూపాయలకు తొమ్మిది సరుకులిచ్చేవారు. కందిపప్పు, పామాయిల్, చింతపండు, కారం అన్నీ ఒక్క సంచిలో. చింతపండు బాగాలేదని అప్పట్లో తిట్టుకున్నదీ మేమే లెండి.

దాళ్వా (రెండో పంట) వరి కోతలయ్యాక మా చుట్టుపక్కల చేలల్లో పెసర, మినుము వేస్తారు. ఆ పెసలు ఇక్కడి రైతుల దగ్గరే కొని, పొట్టుపప్పుగా ఇక్కడి డిపోల్లోనే ఇవ్వొచ్చు కదా? తొందరగా ఉడుకుతుంది, గ్యాసూ కలిసొస్తుంది.

పప్పు ఊరికే ఇవ్వమనడం లేదు. ప్రతి నెలా ఒకటో తారీఖున బియ్యంతోపాటు కార్డుకి రెండు కిలోలు ఇప్పించండి. ఆ 134 రూపాయలు చేత్తో పట్టుకునే లైన్లో నిలబడతాం.

ఒక గృహిణి,
అంబాజీపేట మండలం, కోనసీమ జిల్లా